ఉచ్చీరప్ప పులులు

ఆదోని నుంచి కౌతాళం పోయే బస్సులో నడిమిదారిన దిగి, పత్తిచేల మధ్య నల్లరేగడి బాటలో నడిస్తే గుండ్లదొడ్డి వస్తుంది. ఊరికి పడమట ఒక కొండ. కొండ అంటే మట్టీ మానూ ఉన్న కొండ కాదు. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు. రాక్షసుల పిల్లలు అచ్చనగాయలాడుతూ, అమ్మ పిలిస్తే ఆట అట్లే వదిలేసి పోయినట్టుంటుంది. సందుల్లో బలుసు, తంగేడు, అక్కడక్కడ గిడసబారిన వేపచెట్టు. ఆ కొండ మొదట్లో సర్కారువాళ్ళు ఒక రాయి పాతి, దాని మీద 'రక్షిత అడవి' అని చెక్కించారు. ఆ రాయి అడవిని రక్షించిందో లేదో గాని, గొర్రెలకు వీపు గోక్కోవడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

ఆ ఊళ్ళో పుట్టిన ఉచ్చీరప్పకు డెబ్బైల మొదట్లో, వానలు వరసగా మొహం చాటేసిన కరువు కాలంలో, అడవిశాఖలో వాచరు కొలువు దొరికింది. ఏడో తరగతి చదివాడు, ఆరడుగుల మనిషి, ఛాతీ కొలిస్తే టేపు చాలలేదు. కర్నూలులో ఎంపిక చేసిన ఆఫీసరు ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"అడవిలో ఒంటరిగా ఉండగలవా?"

"మా ఊర్లో గుడక ఒంటరిగానే ఉంటాం సార్. చెట్టు గుడక తోడుండదు."

ఆఫీసరు నవ్వాడు. నవ్వినందుకు కొలువు ఇవ్వక తప్పలేదు. అట్లా, పది చెట్లు ఒక్కచోట చూసి ఎరగని మనిషిని తీసుకుపోయి నల్లమలలో వేశారు.

ఆత్మకూరు దాటి లారీ అడవిలో చొరబడ్డాక ఉచ్చీరప్పకు ఊపిరాడలేదు. రెండు పక్కలా వెదురు, టేకు, మద్ది, నల్లగా, గుంపుగా, జాతరలో జనం తోసుకొచ్చినట్టు మీదికొస్తున్నాయి. పుట్టినప్పటి నుంచీ కంటికెదురుగా ఈ దిక్కు నుంచి ఆ దిక్కు దాకా ఆకాశం చూసినవాడు. లారీ దిగగానే అక్కడున్న మాదన్నను పట్టుకుని అడిగిన మొదటి మాట ఇది: "ఆకాశం యాడ పాయప్పా?"

మాదన్న చెంచువాడు. తనూ వాచరే. అడవిలోనే పుట్టాడు గనక అడవి గురించి అతనికి పెద్దగా ఆశ్చర్యమేమీ లేదు. తల పైకెత్తి చూసి, "ఆడనే ఉండాదన్నా. ఆకులు అడ్డమొచ్చినాయి," అన్నాడు.

మొదటి నెలలోనే ఉచ్చీరప్ప పరువు పోయే పని ఒకటి జరిగింది. ఏరు పక్కన కట్టెలేరుతుంటే వెనక నుంచి గుర్రుమని చప్పుడైంది. ఆరడుగుల మనిషి గొడ్డలి పారేసి చెట్టెక్కాడు. ఎక్కి చూస్తే అదే చెట్టు మీద ఒక కొండముచ్చు కూర్చుని ఉంది. గుర్రుమన్నదీ అదే. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాదన్న వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ముందు దిగింది కొండముచ్చే.

పులి మాత్రం కనపడలేదు. అడుగులు కనపడేవి, బాట నడుమ, అరచేయి కన్నా పెద్దవి. చెట్టు బెరడు మీద గోళ్ళ గీరుళ్ళు కనపడేవి. ఎక్కడో లోయలోంచి గొంతు వినపడితే అడవంతా నోరు మూసుకునేది. ఏళ్ళు గడుస్తున్నాయి, ఆ అడవిని పులుల కోసమే కేటాయించినామని పెద్దలు జీపుల్లో వచ్చి బోర్డులు కూడా పెట్టిపోయారు. ఉచ్చీరప్పకు తోక కూడా కనపడలేదు.

"యాలప్పా నాకొక్కనికే కనపడదు?" అని ఒకసారి మాదన్నను అడిగాడు.

"అది నిన్ను దినామూ సూస్తాందన్నా. నువ్వే దాన్ని సూడ్లేదు," అన్నాడు మాదన్న బీడీ ముట్టిస్తూ. ఆ మాట ధైర్యం చెప్పడానికి అన్నాడో, భయపెట్టడానికో తెలియలేదు. ఆ వారమంతా ఉచ్చీరప్ప మెడ వెనక్కి తిప్పుకునే నడిచాడు.

అయితే అతనికి ఒకటి దొరికింది. ఎండాకాలంలో అడవికి నిప్పంటుకోకుండా కావలి కాయడానికి గద్దలకొండ శిఖరం మీద ఒక మంచె కట్టారు. ఆ ఎత్తుకు ఎక్కాలంటే పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం దాటుతుంది. నీళ్ళు మోసుకుపోవాలి. ఎవరూ పోనంటే, చేరిన మొదటి ఏడే, కొత్తవాడని ఉచ్చీరప్పను తోశారు. ఎక్కుతున్నంతసేపూ పైవాళ్ళను తిట్టుకున్నాడు. మరునాడు తెల్లారి మంచె మీద లేచి కూర్చుని కిందికి చూశాడు. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, నీలంగా, బూడిదగా, చివరికి ఆకాశమో కొండో తెలియనంత పలచగా. లోయల నిండా మంచు, ఆదోని జిన్నింగు మిల్లులో దూది రాశులు పోసినట్టు. మబ్బులు అతని కాళ్ళ కింద ఉన్నాయి. పోయిన ఆకాశం ఇక్కడ దాక్కుందని అనుకున్నాడు. నీళ్ళు తాగడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ తనే అడిగి మరీ పైకి పోయేవాడు. తోటివాళ్ళు వాడికి మెదడు పలచన అనుకున్నారు, బరువు తగ్గినందుకు సంతోషించారు.

మొదటిసారి సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు ఆ సంగతే చెప్పాలని గంపెడాశతో వచ్చాడు. ఇంట్లో పెళ్ళాం సుంకులమ్మకు చెప్పాడు. కొండముచ్చు సంగతీ దాచలేదు, ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. సుంకులమ్మ అతని మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ అతన్ని ఎరిగిన మనిషి. "పులి కనపళ్ళేదా మామా?" అంటే, "పులీ లేదు, గిలీ లేదు," అన్నాడు.

మరునాడు ఆదోని పోయాడు. బస్టాండు పక్కన బసవన్న హోటలు ఉంది. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడానికి చుట్టుపక్కల పల్లెలవాళ్ళంతా అక్కడే చేరతారు. బసవన్న పల్లెం ముందుపెట్టి, చేతులు తుడుచుకుంటూ, "ఏనప్పా ఉచ్చీరప్పా, అడవి ఎట్లుంది? సెప్పు, వింటాం," అన్నాడు. జనం మూగారు.

ఉచ్చీరప్ప గొంతు సవరించుకున్నాడు. "కొండ మింద పొద్దున్నే లేస్తే, మబ్బు మన కాళ్ళ కింద ఉంటాదన్నా."

హోటలు హోటలంతా గొల్లుమంది.

"కాళ్ళ కింద మబ్బా? ఆడ కల్లు శానా గట్టిదున్నట్టుందే!" అన్నాడు బసవన్న. "మబ్బు పైనుంటేనే ఈడ వాన పడదు. కిందుంటే ఇంకేం పడుతాది? అది ఇడిసిపెట్టు గాని, పులి సంగతి సెప్పు. పులిని సూసినావా?"

లేదని చెప్పడానికే ఉచ్చీరప్ప నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి. వాళ్ళ చేతుల్లో బజ్జీలు చల్లారిపోతున్నాయి. నిజం చెప్పి ఇప్పుడే ఒకసారి నవ్వులపాలైనవాడు మళ్ళీ అదే తప్పు చేయడానికి వెనకాడాడు.

"సూసినా," అన్నాడు.

బసవన్న అడగకుండానే ఇంకో రెండు బజ్జీలు పల్లెంలో వేశాడు.

అబద్ధం గొర్రెపిల్ల లాంటిది, ఇంటికి తెచ్చాక మేపాలి. చూసినానన్నాక ఎంతుందో చెప్పాలి. ఎంతుందో చెప్పాక అదేం చేసిందో చెప్పాలి. మొదటి ఏడు పులి దూరంగా ఏటి అవతల ఉంది. రెండో ఏటికి ఏరు దాటింది. మూడో ఏటికి ఉచ్చీరప్ప చేతిలో గొడ్డలి, పులి నోట్లో అతని గోచీ. ఆపైన అతను ఒక చేత్తో దాని చెవి పట్టుకున్నాడు. జనం ఊపిరి బిగబట్టి విన్నారు. మబ్బులు కాళ్ళ కింద ఉంటాయంటే నమ్మనివాళ్ళు, పులి చెవి మెలేస్తే అది కుయ్యిమందంటే నమ్మారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా అతను 'పులి ఉచ్చీరప్ప' అయ్యాడు. ఎమ్మిగనూరు సంతలో చీరలు అమ్మేవాళ్ళు కూడా పేరు చెబితే కూర్చోమని చాప వేసేవాళ్ళు.

ఆ పులులన్నీ బోరింగు దగ్గర ఆడవాళ్ళ నోట సుంకులమ్మ చెవినపడేవి. మొగుని పరువు, ఏమీ అనేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం, "ఏం మామా, ఈతూరి చెవొక్కటే పట్టుకుంటివంట, తోకనేమిటికి ఇడిసిపెడితివి?" అని అడిగేది.

"ఊకుండు మే. నేను సెప్తానా, వాళ్ళే అడుగుతారు."

"అడిగితే? ఆ మంచె సంగతి సెప్పగూడదా? నాకు అదే బాగుంటాది."

"అది సెప్తే టీ గుడక పొయ్యరు," అన్నాడు ఉచ్చీరప్ప. ఆ మాట తమాషాగా అన్నా, అతనికి కొంచెం దిగులుగానే ఉండేది. తాను చూసిందాన్ని వినేవాళ్ళు లేరు, వినేవాళ్ళున్నది తాను చూడలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకసారి బసవన్న మనవడికి విడవని జ్వరం తగులుకుంది. పిల్లవాడి మెళ్ళో పులిగోరు కడితే తగ్గుతుందని ఎవరో చెప్పారు. పులి చెవి పట్టుకున్నవాడికి గోరు ఒక లెక్కా? బసవన్న కన్నీళ్ళు పెట్టుకుని అడిగితే ఉచ్చీరప్ప కాదనలేకపోయాడు. ఈసారి వచ్చేటప్పుడు ఎనుపకొమ్ము ముక్కను వంపుగా చెక్కి, ఆముదం రాసి, నున్నగా తెచ్చి ఇచ్చాడు. ఈలోపు ఆదోని డాక్టరు సూదులేసి జ్వరం తగ్గించాడు గాని, పేరు గోరుకొచ్చింది. అది మొదలు చుట్టాలూ పక్కాలూ, పెద్దవాళ్ళూ పేదవాళ్ళూ, అందరికీ గోర్లే కావాలి. ఉచ్చీరప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. కాదనడం మాత్రం చేతకాలేదు. గద్దలకొండ మంచె మీద కూర్చుని, ఎదురుగా కొండలు చూసుకుంటూ, నిప్పు కావలి కాస్తూ కొమ్ములు చెక్కేవాడు. ఆ రోజుల్లో ఆదోని తాలూకాలో ఉన్నన్ని పులిగోర్లు నల్లమలలో ఉండి ఉండవు.

ఎనభైల్లో ఒక ఏడు ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన కుటుంబంతో శ్రీశైలం పోతుంటే, అడవి దారిలో తనిఖీ కోసం బండి ఆపారు. ఆయన మెళ్ళో, బంగారు కట్టుతో, గోరు తళతళలాడింది. ఎక్కడిదంటే ఆయన గొప్పగానే చెప్పాడు: "మా పులి ఉచ్చీరప్ప ఇచ్చిందప్పా. మీ డిపార్ట్‌మెంటు మనిషే!"

ఉచ్చీరప్పను రేంజి కచేరీకి పిలిచారు. బల్ల మీద గోరు, బల్ల వెనక కొత్త ఆఫీసరు, బల్ల పక్కన పశువుల డాక్టరు. పులిని చంపితే జైలు.

"ఎన్ని పులుల్ని చంపావు?"

"ఒక్కదాన్నీ సంపలేదు సార్."

"ఊరంతా కథలు చెబుతావట. ఎన్నింటిని చూశావు?"

ఉచ్చీరప్ప తల దించుకున్నాడు. ఇన్నేళ్ళుగా పెంచుకున్న పులులన్నింటినీ ఒక్కసారిగా వదిలించుకోవాలి. "ఒక్కదాన్నీ సూడ్లేదు సార్. అది గోరు కాదు, ఎనుపకొమ్ము. నేనే చెక్కినా."

డాక్టరు కత్తితో గీకి, వాసన చూసి, కొమ్మేనన్నాడు. ఆఫీసరుకు నిరాశ కలిగినట్టే కనిపించింది. సాక్ష్యానికి మాదన్నను పిలిస్తే అతను చేతులు కట్టుకుని నిజమే చెప్పాడు: "ఈయన పులిని సంపేదేంది సార్? కొండముచ్చు గుర్రుమంటే చెట్టెక్కినోడు." కచేరీలో అందరూ నవ్వారు. అంత నగుబాటు వల్ల ప్రాణం దక్కుతుందని ఉచ్చీరప్పకు అంతకు ముందు తెలియదు.

కాని ఆఫీసరు నవ్వలేదు. "ఇన్నేళ్ళు పులుల అడవిలో కావలి కాస్తూ ఒక్క పులిని కూడా చూడలేదా? మరి ఇన్నాళ్ళూ ఏం చూశావయ్యా?"

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఉచ్చీరప్ప ఎన్నేళ్ళుగానో ఎదురుచూశాడు.

"కొండలు సూసినా సార్," అన్నాడు.

వెటకారం ఆడుతున్నాడని ఆఫీసరుకు కోపం వచ్చింది. పులిని చంపలేదు గనక జైలు తప్పింది. పులిని చూడలేదు గనక శిక్ష పడింది. విధుల్లో శ్రద్ధ లేదని చెప్పి, చెట్టూ పుట్టా లేని చోటుకు వేయమన్నారు. జిల్లాలో అట్లాంటి చోటు ఏదని వెతికితే గుండ్లదొడ్డి రక్షిత అడవి దొరికింది.

అట్లా ఉచ్చీరప్ప శిక్ష అనుభవించడానికి సొంత ఇంటికి చేరాడు.

ఊళ్ళో మేళతాళాలు ఒక్కటే తక్కువ. నల్లమలలో పులుల పని పట్టేసినాడు గనక సర్కారు ఇంటికాడికి మార్చిందని జనం తేల్చేశారు. ఆ కొమ్ము సంగతి బయటపడుతుందేమోనని ఉచ్చీరప్ప భయపడ్డాడు. అదీ జరగలేదు. పత్తి వ్యాపారి ఆదోనికి తిరిగొచ్చి అందరికీ చెప్పింది ఇది: "అసలైన గోరు ఆ ఆఫీసరు జేబులో ఏసుకుని, నాకు కొమ్ముముక్క సేతిలో పెట్టినాడప్పా!" దాంతో మిగతావాళ్ళు తమ గోర్లను చొక్కాల లోపలికి తోసుకుని భద్రంగా దాచుకున్నారు. ఉచ్చీరప్ప పేరు ఇంకా పెరిగింది.

అతను మాత్రం బసవన్న హోటలుకు పోవడం తగ్గించాడు. పోయినా, "పని ఉండాదన్నా," అని లేచేవాడు. పని నిజంగానే ఉంది. బోడికొండ మీద అడవి పెంచాలని సర్కారు సుబాబుల్, కానుగ మొక్కలు పంపింది. గుండ్ల సందుల్లో గుంతలు తవ్వించి, ఒక రాతితొట్టి కట్టించి, ట్రాక్టరుతో నీళ్ళు తెచ్చి నింపేవాళ్ళు. ఉచ్చీరప్ప కడవతో మోసి ఒక్కొక్క మొక్కకూ పోయాలి. పగలు సుంకప్ప మేకలు మొక్కలు తినకుండా తోలాలి. సుంకప్ప ఊరి కాపరి, ఉచ్చీరప్పతో కలిసి గోలీలాడినవాడు. "ఏమప్పా ఉచ్చీరప్పా, పులులతో కొట్లాడినోడివి, నా మేకలతో కొట్లాడబడితివే," అని దెప్పేవాడు.

ఎనభై ఆరు ఎండాకాలం. చెరువులు, కుంటలు అన్నీ నెర్రెలిచ్చాయి. ఒకరోజు పొద్దు గుంకే వేళ ఉచ్చీరప్ప చివరి కడవ నింపుకోవడానికి తొట్టి దగ్గరకొచ్చాడు. ఎదురు గుండు మీద నుంచి ఏదో జారినట్టు కిందికి దిగింది. పసుపు ఒళ్ళు, నల్ల మచ్చలు. చిరుతపులి.

తొట్టికి ఇవతల ఉచ్చీరప్ప, అవతల అది. అతని చేతిలో గొడ్డలి లేదు, కడవ ఉంది. ఎక్కడానికి చెట్టు లేదు, మోకాలెత్తు మొక్కలున్నాయి. అది అతన్ని చూసింది. ఎడమ చెవి కొంచెం చీలి ఉంది. చూసి, ఇతనితో పనేమీ లేదన్నట్టు తల వంచి నీళ్ళు తాగింది. నాలుక చప్పుడు, ఇంట్లో పిల్లి పాలు తాగే చప్పుడే, కొంచెం పెద్దగా వినపడింది. తాగినంతసేపు తాగి, మీసాల నీళ్ళు విదిలించుకుని, వచ్చిన దారినే గుండ్ల మీదికి పోయింది. ఉచ్చీరప్ప ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. భయం గుర్తొచ్చేసరికి భయపడాల్సింది వెళ్ళిపోయింది. కడవ నింపి, మిగిలిన మొక్కలకు నీళ్ళు పోశాడు.

మరునాడు తెల్లారగానే ఆదోని పోయాడు. చాలా రోజుల తర్వాత వచ్చాడని బసవన్న సంబరపడి పల్లెం తెచ్చాడు. జనం చేరారు. ఉచ్చీరప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దిగింది, తాగింది, పోయింది.

"తర్వాత?" అన్నాడు బసవన్న.

"తర్వాత ఏముంటాదన్నా? పాయ."

"నువ్వేం చేస్తివి?"

"నిలబడితిని."

"కడవతో కొట్టకపోతివా?"

"ఏమిటికి కొడుతాను? నీళ్ళు తాగుతాంటే."

జనం మొహాలు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు మెల్లగా అన్నాడు: "గుండ్లదొడ్డి కొండలో సిర్త యాడిదప్పా? కుక్కయ్యుంటాది." ఇంకొకడు, "పొద్దు గుంకినాక దుమ్ములగొండి కూడా అట్లనే కనపడుతాది," అన్నాడు. బసవన్న భుజం తట్టి, "వయసైతాండాది ఉచ్చీరప్పా. కంటి డాక్టరుకు సూపీ," అన్నాడు ప్రేమగా. నల్లమల పులి కథ ఒకటి చెప్పమని అడిగారు. ఉచ్చీరప్ప బజ్జీలు అట్లే వదిలేసి లేచాడు. ఇన్నేళ్ళ అబద్ధాలకు లేని అవమానం ఒక్క నిజానికి జరిగింది.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సుంకులమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆమెకూ చెప్పాడు, కడవతో సహా. ఆమె ఒలవడం ఆపింది.

"నిజంగానే సూసినావు మామా," అంది.

"నీకెట్ల తెల్సు?"

"అబద్దమైతే ఇంత సప్పగా సెప్పవు నువ్వు."

ఆ తర్వాత అతను తొట్టిని రోజూ నిండుగా ఉంచాడు. మొక్కలకు ఒక కడవ తక్కువైనా తొట్టి అడుగంటనివ్వలేదు. దూరంగా గుండు చాటున కూర్చుని చూసేవాడు. అది రెండు మూడు రోజులకోసారి వచ్చేది. ఒకసారి దాని వెనక చిన్నది ఒకటి, తల్లి తోక పట్టుకోబోయి బోర్లాపడుతూ వచ్చింది. ఉచ్చీరప్ప నవ్వు ఆపుకోలేక నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఆ సంగతి పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా దాగేది కాదు. సుంకప్ప మేక ఒకటి పోయింది, తర్వాత ఇంకొకటి. ఎముకలు గుండ్ల మధ్య దొరికాయి. ఊరు గగ్గోలెత్తింది. సుంకప్ప తలబాదుకుంటూ వచ్చి, "హోటల్లో నువ్వు సెప్పిన సిర్త సంగతి ఇని నేను గుడక నవ్వితినప్పా," అన్నాడు. ఉచ్చీరప్ప ఇంట్లోకి పోయి, సుంకులమ్మ సాకుతున్న చూడిమేకను పట్టుకొచ్చి అతని చేతిలో తాడు పెట్టాడు. సుంకులమ్మ గడపలో నిలబడి చూసింది. ఆ రోజు అతనికి సంగటి పెట్టింది గాని మాట పెట్టలేదు.

ఆదోని నుంచి జనం బస్సులెక్కి చిరుతను చూడటానికి వచ్చారు. బసవన్న ఒకపూట హోటలు మూసి వచ్చాడు, గుండ్ల వైపు చూశాడు, తిరిగిపోయి తాను చూసిన చిరుత ఎంత పొడుగుందో మర్నాటి నుంచి వర్ణించడం మొదలుపెట్టాడు. బాగానే చెబుతాడని పేరొచ్చింది.

వారం తిరక్కుండా జీపు వచ్చింది. వెనక లారీలో ఇనుపబోను. దిగిన ఆఫీసరు కుర్రవాడు కాదు, ముసలివాడు కాదు, తొందరలో ఉన్న మనిషి. కాపలావాణ్ణి పిలిపించాడు.

"జంతువు ఏ వైపు నుంచి వస్తుందో, ఎక్కడ నీళ్ళు తాగుతుందో నీకు తెలిసే ఉంటుంది. నువ్వు చూశావా?"

తొట్టి అక్కడికి కూతవేటు దూరం. బోను అక్కడ పెడితే ఆ సాయంత్రమే పని అయిపోతుంది. తల్లి లోపల పడితే చిన్నది బయట ఉండిపోతుంది. ఉచ్చీరప్ప జీపు వైపు చూశాడు, బోను వైపు చూశాడు. పులిని చూడకుండానే ఇన్నేళ్ళు చూసినానన్నవాడు గొంతు సవరించుకున్నాడు.

"లేదు సార్. నేను సూడ్లేదు."

"రోజంతా కొండ మీదే ఉంటావు కదా?"

"ఉంటా సార్. నాకు కనపడదు సార్."

ఆఫీసరు అతన్ని ఎగాదిగా చూశాడు. పక్కనున్న గార్డు వంగి ఏదో చెవిలో చెప్పాడు. ఆఫీసరు మొహం విప్పారింది. "ఓహో! నల్లమలలో అన్నేళ్ళుండి ఒక్క పులినీ చూడనివాడివి నువ్వేనా?"

"నేనే సార్."

"అయితే నిన్నడిగి లాభం లేదులే," అన్నాడు ఆఫీసరు, గార్డుతో కలిసి నవ్వుతూ.

"లేదు సార్," అని ఒప్పుకున్నాడు ఉచ్చీరప్ప. బోను ఎక్కడ పెడితే బాగుంటుందని అడిగితే, ఊరివాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. చివరికి కొండకు అవతలి వైపు, ఎండకు గుండ్లు పేలిపోయే చోట పెట్టారు. ఎరగా కట్టిన కుక్క ఎడతెగకుండా మొరిగి ఊరందరికీ తలనొప్పి తెచ్చింది. చివరికి బోనులో చిక్కింది ఒకటే, సుంకప్ప మేక. ఉచ్చీరప్ప అతనికిచ్చిన సుంకులమ్మ చూడిమేకే, తాడు తెంపుకుని పోయి చిక్కింది. దాన్ని బయటికి వదిలి, బోను లారీకెక్కించుకుని వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికొస్తే సుంకులమ్మ మాట కలిపింది. "ఏమన్నావంట వాళ్ళతో?"

"సూడ్లేదన్నా."

"నమ్మిరా?"

"వెంటనే నమ్మిరి మే. నా జల్మలో అంత బిరీన ఎవురూ నమ్మలేదు."

ఆ ఏడు మృగశిర కార్తెకే వానలు పడ్డాయి. కుంటలు నిండాయి, బలుసు పొదలు చిగిర్చాయి. చిరుత రావడం మానేసింది. కోసిగి కొండల వైపు పోయిందని ఒకరు, ఏరు దాటి కన్నడదేశంలోకి పోయిందని ఒకరు అన్నారు. బసవన్న చిరుత మాత్రం హోటల్లోనే ఉంది, దినదినమూ పెరుగుతోంది.

వాన వెలిసిన ఒక పొద్దున సుంకప్ప మేకలు తోలుకుపోతూ చూశాడు. ఉచ్చీరప్ప తొట్టిలో పడిన ఆకులు తీసి, అడుగున పాచి గీకి, కడవతో తెచ్చి నీళ్ళు నింపుతున్నాడు. చుట్టూ మొక్కలు తడిసి నిగనిగలాడుతున్నాయి.

"ఎవురికప్పా ఈ నీళ్ళు?"

"మొక్కలకు," అన్నాడు ఉచ్చీరప్ప.

సుంకప్ప తడినేల వైపు చూశాడు, పైన మబ్బు వైపు చూశాడు. మేకల్ని అదిలించి, తొట్టికి ఎడంగా తోలుకుని పోయాడు.